రోజూ నడుస్తాను, పీట మీంచి మాత్రం లేవలేను

మొన్న మాఘమాసంలో కొంపల్లిలో మా చిన్నమ్మ కొడుకు కొత్తింట్లో పాలు పొంగించారు. ఆ వెంటనే సత్యనారాయణ వ్రతం. మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. కుర్చీ వేస్తామని నలుగురూ అంటున్నా "దేవుని ముందట కుర్చీల కూసుంటరా ఎవరన్న?" అని చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అయ్యగారు తీరిగ్గా ఐదు కథలూ చదివారు. హారతి వెలిగించగానే అందరూ లేచారు. అమ్మ ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒక మోకాలు ముందుకు తెచ్చి, సగం లేచి కూలబడింది. రెండోసారీ అంతే. మా తమ్ముడొక జబ్బ, కొత్త కోడలొక జబ్బ పట్టుకుని పైకి లాగారు. "కాళ్లకు తిమ్మిరెక్కింది, ఏం కాలే" అని అమ్మ నవ్వింది. అందరూ నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు సుచిత్ర సర్కిల్ దాటేదాకా కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది: "తిమ్మిరి కాదే బిడ్డా. బలం లేదు."

ఆ రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో లైటు కూడా వేయకుండా నేల మీద కూర్చున్నాను. చెయ్యి ఆనించకుండా లేవాలని చూశాను. నాకు నలభై తొమ్మిది. మూడుసార్లు చూసి, చివరికి సోఫా కోడు పట్టుకుని లేచాను.

నాకు భయం కన్నా ఉక్రోషం ఎక్కువ వచ్చింది. ఎందుకంటే నేను ఆరేళ్లుగా రోజూ పొద్దున ఇందిరా పార్కులో నడుస్తున్నదాన్ని. అశోక్ నగర్‌లో ఇల్లు, అయిదు నిమిషాల్లో గేటు దగ్గరుంటాను. జోరువాన పడితే తప్ప మానను. ఆఫీసులో ఎవరికి షుగర్ అని తెలిసినా, ఎవరి నడుము పట్టేసినా ముందు నేనే "వాకింగ్ చెయ్యండి" అని సలహా ఇచ్చేదాన్ని. అలాంటి నాకు నేల మీంచి లేవడం రాలేదు. మరి ఆరేళ్ల నడక ఎటు పోయింది?

ఎటూ పోలేదు. నడకలో పెట్టింది నడకలోనే ఉంది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక జిమ్ము, ఒక ఫిజియోథెరపిస్టు, ఎనిమిది నెలలు పట్టాయి. మీకు అంత పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను. ఒంటిది కిరాణా కొట్టు లెక్క. ఏది అడిగితే అదే ఇస్తుంది, అడగని సరుకును మెల్లగా లోపలికి సర్దేస్తుంది. చదునైన దారి మీద ఒకే వేగంతో నలభై నిమిషాలు అడిగాను, అది ఇచ్చింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా తొడలను, పిరుదులను "నా బరువంతా కింది నుంచి పైకి లేపండి" అని అడగలేదు. అడగనిది ఎందుకిస్తాయి?

మా పార్కులో మున్సిపాలిటీ వాళ్ల ఓపెన్ జిమ్ ఉంది. అందులో రెండు కాళ్లూ చెరో పలక మీద పెట్టి ముందుకూ వెనక్కూ ఊగే మిషన్ దగ్గర ఎప్పుడూ క్యూనే. ఎక్కినవాళ్లు ఫోన్లో మాట్లాడుతూ పది నిమిషాలు ఊగుతారు. ఆ ఊపుకు కాళ్లు పడే కష్టమేమీ ఉండదు, లోలకం ఊగినట్టు అదే ఊగుతుంది. పక్కనే చేతులతో బరువు తోసే మిషన్ ఖాళీగా ఉంటుంది. దాని మీద మాత్రం తువ్వాళ్లు ఆరేస్తారు. నేనూ ఆరేళ్లు ఆ ఊగే క్యూలోనే నిలబడ్డాను కాబట్టి ఎవరినీ వెక్కిరించడం లేదు.

నడకను తిడుతున్నానని అనుకోకండి. నడక గుండెకు మంచిదన్న మాటకు తిరుగులేని చరిత్ర ఉంది. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశోధన 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఒకే బస్సు, ఒకే పొగ. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినా డ్రైవర్లకు వచ్చినంత తీవ్రంగా రాలేదు. డ్రైవర్లు మొదటి నుంచే లావేమో అన్న అనుమానం ఆయనకే వచ్చి, యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించుకుని మరీ చూశాడు. నడుములు డ్రైవర్లవే పెద్దవి. అందుకని తేడా అంతా మెట్లదే అని తేల్చేయకుండా ఇంకా లోతుకు వెళ్లాడు. నాకాయన నచ్చింది అక్కడే. మన హైదరాబాద్‌లో ఇప్పుడు అలాంటి పరిశోధన చేయాలంటే కష్టం. ఆడవాళ్లకు టికెట్ లేని మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సులో కండక్టరు కదలడానికి జాగా ఎక్కడుంది?

కానీ ఆ కండక్టర్లు మెట్లెక్కారు. మనం చేసేది షికారు. గుండెకు పని తగలాలంటే కాస్త రొప్పు రావాలి. దానికి గడియారాలు, పట్టీలు ఏమీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ మధ్యరకం శ్రమ. మా వాకింగ్ గుంపులో శనివారాలు అంత్యాక్షరి ఆడుతూ నడిచేవాళ్లం. చరణం కూడా తప్పకుండా పాడేవాళ్లం. ఇక ఆ నడక ఏపాటి వేగమో మీరే చెప్పండి.

పదివేల అడుగుల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. ఆ అంకె పరిశోధనలోంచి పుట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి 'మాన్పో-కెయ్' అని పేరు పెట్టింది. అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే మన ఫోన్లలోకి దిగింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో అరవై దాటినవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే ఆయుష్షు లాభం చాలావరకు వచ్చేస్తుందని తేలింది. రాత్రి పదిన్నరకు మిగిలిన ఏడొందల అడుగుల కోసం బాల్కనీలో గిరగిరా తిరిగే మా ఆయనకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

అసలు గొడవ ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అందరికీ తెలిసింది మొదటి సగమే: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాని కిందే, అంతే పెద్ద అక్షరాల్లో, వారానికి కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలని ఉంది. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులు తూలకుండా నిలబడే బ్యాలెన్స్ సాధన కూడా చేయాలి. నాకు షుగర్ అంచుల్లో ఉందని చెప్పిన డాక్టరు మొదటి సగమే చెప్పారు. పేపర్లో ఆదివారం అనుబంధాలదీ అదే పాట. రెండో సగం కుర్రాళ్ల వ్యవహారమనీ, అద్దం ముందు చొక్కా విప్పి ఫొటో దిగేవాళ్లదనీ మనమే తేల్చేసుకున్నాం. ముప్పై దాటాక పదేళ్లకోసారి కండలో 3 నుంచి 8 శాతం దాకా కరిగిపోతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. కాబట్టి ఆ రెండో సగం కుర్రాళ్ల కన్నా మా అమ్మకే ఎక్కువ అవసరం. నా ఫిర్యాదంతా ఇదే.

సరే, ఉక్రోషంతో వెళ్లి ఇంటి దగ్గరి జిమ్‌లో చేరాను. పేరెందుకులెండి. గోడ మీద నొప్పి లేనిదే ఫలితం లేదన్న ఇంగ్లిష్ బోర్డు, చెవులు దిబ్బళ్లు వేసే పాటలు. ట్రైనర్ అబ్బాయికి మా వాడి వయసుంటుంది. మొదటిరోజే వంద గుంజీళ్లు తీయించాడు. వాళ్ల భాషలో స్క్వాట్లు. "ఇంకో పది మేడం, సూపర్ మేడం, లాస్ట్ పది మేడం." ఆ లాస్ట్ పది నాలుగుసార్లు వచ్చింది. ఆ రోజు బాగానే ఉంది, గర్వంగా కూడా ఉంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు వణికాయి. ఆ మర్నాడు కమోడ్ మీద కూర్చోవాలంటే ఒక చేత్తో తలుపు గడియ, ఇంకో చేత్తో ట్యాపు పట్టుకోవాల్సి వచ్చింది. ఆటో ఎక్కుతుంటే నా అవస్థ చూసి డ్రైవరు "ఆపరేషన్ అయిందా అమ్మా?" అనడిగాడు. అయిదో రోజుకు తేరుకున్నాను, ఆరో రోజు జిమ్ మానేశాను. మూడు నెలల ఫీజు ముందే కట్టాను. తిరిగివ్వరు.

ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "ల్యాక్టిక్ యాసిడ్ పేరుకుంది మేడం, వస్తే తగ్గిపోద్ది" అన్నాడు. అది తప్పని తర్వాత తెలిసింది. కండరం గట్టిగా పనిచేసేటప్పుడు పుట్టే ఆ ల్యాక్టిక్ యాసిడ్ వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో రక్తంలోంచి సర్దుకుపోతుంది. రెండో రోజు, మూడో రోజు వచ్చే నొప్పి అలవాటు లేని పనికి కండరం పోగుల్లో పడే సన్నటి చీలికల వల్ల, వాటిని బాగు చేసుకునేటప్పుడు వచ్చే వాపు వల్ల. కొత్తలో కొంచెం వస్తుంది, వస్తే తప్పేం లేదు. కానీ నొప్పి ఎక్కువైతే లాభం ఎక్కువైందని అర్థం కాదు. అలవాటు లేని ఒంటితో అతిగా చేయిస్తే కండరం బాగా దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీల మీద పడే ప్రమాదం కూడా ఉంది. మూత్రం కోలా రంగుకు తిరిగితే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నాకంత దాకా రాలేదు, అదృష్టం.

తర్వాత మా ఆఫీసు దగ్గర ఒక ఫిజియోథెరపిస్టును కలిశాను. ఆవిడ నా కథంతా విని, ఒక కుర్చీ చూపించి, చేతులు గుండెలకు కట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూడమంది. పదకొండు. "అరవై నుంచి అరవై నాలుగేళ్ల ఆడవాళ్లకే పన్నెండు కన్నా తక్కువొస్తే తక్కువ అంటాం" అంది ఆవిడ, నా వయసు రాసుకుంటూ. నాకు చెమట అప్పుడు పట్టింది.

ఆవిడ ఇచ్చిన చీటీ ఇంత చిన్నది: వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. కుర్చీ మీంచి ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం, రెండు నిమిషాలు ఆగడం, మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది. "ఇంకో రెండు తీయగలను" అనిపించినప్పుడే ఆపేయాలి. పన్నెండు సులువుగా వచ్చే రోజున అంకె పెంచకుండా ఎత్తు తగ్గించాలి. గోడకు చేతులు ఆనించి తోయడం, ఒంటికాలి మీద నిలబడటం, ఏదైనా బరువు కింది నుంచి ఎత్తడం కూడా అందులో ఉన్నాయి. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. ఇంతకా అయిదొందలు తీసుకుందని దారంతా సణుక్కున్నాను.

ఉగాది నాడు మొదలుపెట్టాను. ప్లాస్టిక్ కుర్చీతో. మొదటి మూడు వారాల్లోనే సులువైపోయింది. కండ పెరగడానికి ఆ మూడు వారాలు చాలవు. ఉన్న కండకే మెదడు నుంచి పిలుపు సరిగ్గా అందడం మొదలైందన్నమాట. తొలివారాల బలమంతా చాలావరకు అదే. జూన్ కల్లా వంటింటి స్టూలుకు దిగాను. స్టూలు మీద మళ్లీ ఎనిమిదే వచ్చింది, అక్కడ నెలన్నర. బోనాల తర్వాత అటక మీంచి మా అత్తగారి పీట దించాను. మామిడికాయలు కొట్టేటప్పుడు ఆవిడ కూర్చునే టేకు పీట, ఎత్తు జానెడు కూడా ఉండదు. మొదటి రోజు పీట మీంచి సున్నా. కూర్చోవడం వచ్చింది, లేవడం రాలేదు. మా అబ్బాయి లేపాడు.

అప్పుడు ఒక ఉపాయం తోచింది. పీట మీద పాత టెలిఫోన్ డైరెక్టరీలు రెండు పేర్చాను (పడేయనందుకు ఇన్నాళ్లూ తిట్లు తిన్నవే). పద్దెనిమిది రోజులకు ఒకటి తీసేశాను, ఇంకో నెలకు రెండోది. దసరా ముందు ఒక గురువారం పొద్దున, చేతులు కట్టుకుని, వట్టి పీట మీంచి లేచాను. ఎవరూ చూడలేదు. మళ్లీ కూర్చుని మళ్లీ లేచాను.

పాత గ్రీకు కథలో క్రోటాన్ ఊరి మైలో అనే మల్లుడు దూడను రోజూ భుజాన మోశాడట. దూడతో పాటు బలమూ పెరిగి చివరికి ఎద్దునే మోశాడట. కథలో అతిశయం ఉన్నా సూత్రం అదే: అలవాటైన దానికన్నా కొంచెం ఎక్కువ, అదీ ఒంటికి తెలిసీ తెలియనంత. ఆ కొంచెం లేకపోతే నా ఆరేళ్ల నడకలాగా ఉన్నచోటే ఉంటాం. కొంచెం కాస్తా ఎంతో అయితే నా జిమ్ము లాగా అవుతుంది. మనకు దూడ లేదు కానీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఉంది. ఒక పాత క్యాన్ పెట్టుకుని అయిదు లీటర్లతో మొదలుపెట్టాను. లీటరు నీళ్లు ఒక కిలో, ఇంతకన్నా నికరమైన తూకం ఏ దుకాణంలోనూ దొరకదు. క్యాన్ కాళ్లకు దగ్గరగా పెట్టుకుని, నడుము వంచేయకుండా పిరుదులు వెనక్కి తోసి, ఊపిరి బిగించకుండా లేపడం. పది రోజులకో లీటరు పోసుకుంటూ వచ్చాను. ఇప్పుడు పద్నాలుగు. నీళ్ల క్యాన్లు వేసే అబ్బాయి, మహబూబ్‌నగర్ వైపు వాడు, నా క్యాన్‌లో సగం నీళ్లు చూసి "లీకైతుందా ఆంటీ, మార్చాల్నా?" అనడిగాడు. చెప్తే పడీ పడీ నవ్వాడు. వాడు రోజుకు ఎన్ని మోస్తాడో.

వాడి నవ్వులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. దాన్ని మా బిల్డింగ్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడ నోరు విప్పి అడిగేసింది: "మీకెందుకమ్మా ఈ తిప్పలు? నా పని నాల్రోజులు చేయుండ్రి, అన్నీ లేస్తయ్." నిజమే, ఆవిడ నేల తుడుస్తూ గొంతుక్కూర్చుని లేచే తీరు చూస్తే కుళ్లుకుంటాను. కానీ ఆవిడ కుడి భుజం పైకి లేవదు. నలభై నిండకముందే మోకాళ్లకు నూనె రాసుకుంటుంది. పనికీ వ్యాయామానికీ తేడా కదలికలో లేదు. బరువు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆపాలో వ్యాయామంలో మనమే నిర్ణయించుకుంటాం. ఆవిడకు ఆ అధికారం లేదు. ఒక ఇంట్లో చుట్టాలొస్తే ఆ రోజు గిన్నెలు మూడింతలు. భుజం నొప్పి అంటే జీతం కోత. ఆదివారం కూడా సెలవు ఉండదు. పొద్దున మూడిళ్ల పని అయ్యేదాకా ఛాయ్, రెండు బిస్కెట్లే. కండరం గట్టిపడేది పని చేసేటప్పుడు కాదు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తిండీ నిద్రా దొరికితేనే. అవి లేని శ్రమ ఉన్నదాన్ని అరగదీస్తుంది. 'మా అమ్మమ్మలు రుబ్బురోలు తిప్పి ఉక్కులా ఉండేవాళ్లు' అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. మా అమ్మమ్మ రుబ్బింది, బావిలో నీళ్లు తోడింది, యాభై అయిదుకే నడుము వంగిపోయింది. ఆవిడ ఎప్పుడూ అందరి తర్వాతే తినేది.

తిండి మాట వచ్చింది కాబట్టి ఒక్క లెక్క. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్లకు రోజూ కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోలుంటే యాభై గ్రాములు. బరువులెత్తేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే మంచిదంటారు. రెండు గుడ్లకు పన్నెండు, కప్పు గట్టి పప్పుకు ఏడెనిమిది. మా ఇంటి పప్పుచారులో పప్పు కన్నా పప్పు పేరే ఎక్కువ. నేను రాసుకుని చూస్తే ముప్పై కూడా దాటలేదు. డబ్బాల్లో పొడులు కొనకుండానే గుడ్లు, పెరుగు, సెనగలు, చిక్కటి పప్పుతో సరిచేసుకున్నాను. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ లెక్క జోలికి పోకండి.

బరువు తగ్గిందా అని అందరూ అడుగుతారు. ఎనిమిది నెలల్లో కిలోన్నర. డెబ్బై కిలోల మనిషి గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు రెండు వందల యాభై క్యాలరీలు. బిర్యానీ ప్లేటు ముందు అది ఏ మూలకు? బొజ్జ తగ్గాలని పొట్ట వ్యాయామాలు చేస్తే అక్కడి కొవ్వే కరగదు కూడా. బరువు వంటింటి వ్యవహారం, బలం వేరే వ్యవహారం. రెండిటినీ కలిపి, బరువు తగ్గలేదని వ్యాయామం మానేసినవాళ్లు మా ఆఫీసులోనే ఆరుగురున్నారు.

ఆడవాళ్లు అడిగేది ఇంకోటి: "కండలొచ్చి మొగాళ్లలా అయిపోమా?" వదినా, అంత సులువైతే మగపిల్లలు జిమ్ముల్లో ఏళ్ల తరబడి ఎందుకు కొట్టుకుంటారు? కండ పెంచే టెస్టోస్టెరాన్ హార్మోను మనకు వాళ్లలో పదో వంతు కూడా ఉండదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన తెలుగమ్మాయే, అదీ బరువులెత్తి. అయినా మన ఇళ్లల్లో ఆడపిల్ల గ్యాస్ సిలిండర్ జరిపితే గర్భసంచి జారుతుందంటారు. బహిష్టులు ఆగే వయసులో ఎముక వేగంగా పలచబడుతుంది. దాన్ని నిలబెట్టేవాటిలో బరువు మోయడం ఒకటి. ఎముక కూడా అడిగితేనే ఇచ్చే రకం.

ఇక అమ్మ. "ఈ వయసులో నాకెందుకే" అంది. నేను 1990లో బోస్టన్‌లో జరిగినదాని గురించి చెప్పాను. అక్కడొక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్లున్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అమ్మ అంతా విని "తెల్లోళ్లు కదా, మాంసం తింటరు" అంది. అయినా బీపీ చూసే డాక్టరు సరే అన్నాక ఒప్పుకుంది. గుండెజబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టున్నా ఎవరైనా ముందు ఆ మాట అడగాల్సిందే.

అమ్మ మామూలు కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయింది. అందుకని కుర్చీ గోడకు ఆనించి, జరగకుండా చూసుకుని, నాలుగు దుప్పట్లు మడతపెట్టి వేశాను. ఆ ఎత్తు మీంచి అయిదుసార్లు లేచింది. భాద్రపదానికి మూడు దుప్పట్లకు వచ్చింది. అప్పుడు జ్వరం. డెంగీ కాదన్నారు కానీ పన్నెండు రోజులు మంచం దిగలేదు. లేచాక చూస్తే నాలుగు దుప్పట్లు కూడా చాల్లేదు, అయిదు వేయాల్సి వచ్చింది. 1966లో డల్లాస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఆ ముప్పై ఏళ్ల వయసు తగ్గించిన దమ్ము కన్నా అప్పటి మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్లవాళ్లకే అలా ఉంటే పన్నెండు రోజుల జ్వరం మా అమ్మనేం చేసి ఉంటుంది? అందుకే జ్వరం దిగిన మర్నాడే మంచం అంచున కూర్చోబెట్టాను. చుట్టాలు "పాపం ముసలామెను రెస్ట్ తీసుకోనీయవా" అన్నారు.

కార్తీకం వచ్చింది. అమ్మ మళ్లీ మూడు దుప్పట్ల మీదికి చేరింది. తొమ్మిదిసార్లు లేస్తుంది, లెక్క నేను పెడితే ఒప్పుకోదు, ఆంజనేయస్వామి పేరు చెప్పుకుంటూ తనే పెడుతుంది. మొన్న ఆదివారం ఇంకో దుప్పటి తీసేద్దామా అన్నాను. కుర్చీ వైపు కాసేపు చూసి, "ఆ నీలిది ఉండనియ్యి, చెక్స్‌ది తియ్యి, అది పల్చగుంటది" అంది. చెక్స్‌ది తీశాను.